‘గాలి పీల్చు’ అనకండి, ‘ఊదు’ అనండి

ప్రశ్న: మా బాబుకి నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ. నిజాంపేటలో అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు మాది. మధ్యాహ్నం మూడున్నరకి స్కూల్ వ్యాన్ దిగుతాడు. నాలుగయ్యేసరికి ఏదో ఒకదానికి పేచీ మొదలవుతుంది. అరటిపండు తొక్క నేను తీశాననో, లిఫ్ట్ బటన్ వేరేవాళ్లు నొక్కారనో. కిందపడి దొర్లుతాడు, గుక్కపెట్టి ఏడుస్తాడు, చేతికందింది విసురుతాడు. మిక్సీ వేస్తే రెండు చెవులూ మూసుకుంటాడు. మావారిది నైట్ షిఫ్ట్, ఆ టైముకి ఇంకా నిద్రలోనే ఉంటారు. మా అత్తమ్మేమో ‘గా ఫోనన్న ఇయ్యరాదు, ఊకుంటడు’ అంటుంది. స్కూల్లో మేడమ్ డీప్ బ్రీతింగ్ నేర్పించమన్నారు. ఆన్‌లైన్‌లో 1,850 రూపాయలు పెట్టి సెన్సరీ కిట్ తెప్పించాను. అందులో విచ్చుకుని ముడుచుకునే బ్రీతింగ్ బంతి, కాగితపు పంకాలు, మెరుపుల సీసా, బెలూన్లు, బరువు దుప్పటి ఉన్నాయి. వాడు ఏడుస్తుంటే బంతి చేతికిచ్చి ‘నాన్నా, గాలి పీల్చు’ అన్నాను. టీవీ మీదకి విసిరాడు. టీవీకేమీ కాలేదు, బంతీ విరగలేదు. డబ్బు దండగేనా? నేనేమైనా తప్పు చేస్తున్నానా?
– ఒక తల్లి, నిజాంపేట

జవాబు:

అమ్మా,

డబ్బు సంగతి ఆఖర్న చూద్దాం. నేను డాక్టర్ని కాను. ఇరవై రెండేళ్లు ఈ ఊళ్లోనే నర్సరీ, ఎల్‌కేజీ పిల్లల మధ్య గడిపినదాన్ని. చెప్పేవన్నీ వాళ్లతో పాటు చాప మీద కూర్చుని నేర్చుకున్నవి, వాటికి తోడు మంచి థెరపిస్టుల దగ్గర అడిగి తెలుసుకున్నవి.

మీ ఉత్తరంలో ‘గుక్కపెట్టి ఏడుస్తాడు’ అన్న మాట దగ్గర ఆగాను. గుక్క అంటే ఒక్క దమ్ము. ఏడుపుకీ ఊపిరికీ ఉన్న ముడి మన పెద్దవాళ్లు ఎప్పుడో కనిపెట్టి ఆ మాటలో పెట్టేశారు. గుక్కపెట్టే పిల్లవాడికి గాలి తక్కువై కాదు బాధ. పొట్టి పొట్టిగా, ఎగపీలుస్తూ, లోపలికి లాక్కుంటూనే ఉంటాడు. అలాంటివాడి దగ్గరికెళ్లి ‘ఇంకా పీల్చు’ అంటే వాడు మాత్రం ఏం చేస్తాడు, చేతిలో ఉన్నది విసురుతాడు.

ఇది చదువుతూనే ఒక పని చేసి చూడండి. మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నాడి పట్టుకోండి. నిదానంగా గాలి లోపలికి తీసుకుంటే నాడి కాస్త వేగం అందుకుంటుంది. అంతకన్నా నిదానంగా వదిలితే నెమ్మదిస్తుంది. మెదడు నుంచి గుండె దాకా, పొట్ట దాకా దిగే వేగస్ అనే నరం పని ఇది. ఊపిరి వదులుతున్నంతసేపూ అది గుండెకి పగ్గం పట్టి ఉంచుతుంది. పిల్లల్లో ఈ తేడా పెద్దవాళ్లలో కన్నా బాగా తెలుస్తుంది. కాబట్టి మనకి కావలసింది పొడుగ్గా బయటికి వెళ్లే ఊపిరి. లోపలికి వెళ్లేదాని సంగతి ఊపిరితిత్తులే చూసుకుంటాయి, దానికి మన పురమాయింపు అక్కర్లేదు.

‘గాలి పీల్చు’ అనగానే ఈ వయసు పిల్లలు ఏం చేస్తారో ఎప్పుడైనా చూశారా? భుజాలు చెవుల దాకా లేపుతారు, బుగ్గలు ఉబ్బిస్తారు, పొట్ట లోపలికి లాగి బిగబట్టుకుంటారు. ఇంకా బిగుసుకుపోతారన్నమాట. పెద్దవాళ్ల యోగా క్లాసు లెక్కలు, నాలుగంకెలు పీల్చి ఏడంకెలు ఆపి ఎనిమిదంకెలు వదలడం లాంటివి, వీళ్లకి నాన్న చొక్కా తొడిగినట్టుంటాయి. ఊరికే కూర్చున్నప్పుడే నాలుగేళ్ల పిల్లలు నిమిషానికి 20 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తారు, మనం 12 నుంచి 20. ఊపిరి ఆపి ఉంచమని చిన్నపిల్లలకి అసలు చెప్పొద్దు.

అదే ‘ఊదు’ అనండి. నేర్పాల్సిన పనే లేదు. వేడి ఇడ్లీ ముక్క ఊదుకుని తిన్నవాడే, పాలగ్లాసు మీద మీగడని అటు తోసినవాడే. మోకాలు కొట్టుకుపోతే నాయనమ్మ ‘ఉఫ్ ఉఫ్’ అని ఊదితే సగం నొప్పి పోయిన అనుభవమూ ఉండే ఉంటుంది. ఊపిరి కంటికి కనబడదు. ఊదడం వల్ల జరిగేది కనబడుతుంది, కాబట్టి పిల్లలకి అది చేతికి దొరుకుతుంది.

ఇది నాకు ఎవరు నేర్పారో చెప్తాను. ఒక ఏడాది వినాయక చవితి అయిన మూడో రోజో ఐదో రోజో, మా స్కూలు గేటు ముందు నుంచి చిన్న విగ్రహాల ఊరేగింపు వెళ్తోంది. డప్పులు, డీజే, కిటికీ అద్దాలు అదురుతున్నాయి. ఒక పాప టేబుల్ కిందికి దూరి ఒకటే అరుపు. నేను వంగి ‘డీప్ బ్రీత్ తీసుకో’ అన్నాను. మళ్లీ అన్నాను. మూడోసారికి నా గొంతు డప్పుల్ని మించిపోయింది. అప్పుడు మా ఆయమ్మ స్టీలు గ్లాసులో చాయ్ పట్టుకొచ్చి టేబుల్ పక్కన చతికిలబడింది. పాప వైపు చూడనైనా చూడలేదు. ‘అబ్బ, కాల్తుంది’ అని తనలో తను అనుకుని చాయ్ మీద మెల్లగా ఊదడం మొదలెట్టింది. ఒకటి, రెండు, మూడు... ఐదోదానికి టేబుల్ కింద నుంచి తలకాయ బయటికొచ్చింది. ‘నేను ఊదుతా.’ గ్లాసు మాత్రం ఆయమ్మ చెయ్యి వదల్లేదు. ఇద్దరూ కలిసి ఊదీ ఊదీ ఆ చాయ్‌ని చల్లటి నీళ్లు చేశారు. ఆమె అలాగే తాగేసింది. నా దగ్గర అప్పటికే పిల్లల మనస్తత్వం మీద రెండు సర్టిఫికెట్లు ఉన్నాయి.

ఆయమ్మ చేసినదాంట్లో సగం సంగతి చాయ్‌ది, మిగతా సగం ఆమె ఊపిరిది. నేలకి దిగింది, తక్కువ మాట్లాడింది, తన ఊపిరి వినబడేలా నెమ్మది చేసింది. ఈ వయసులో పిల్లలు తమంతట తాము చల్లబడలేరు. ఆవేశానికి కళ్లెం వేసే భాగం నుదుటి వెనక ఉంటుంది, అది పూర్తిగా పక్వానికి రావడానికి ఇరవై అయిదేళ్ల దాకా పడుతుంది. అందాకా పక్కనున్న పెద్దవాళ్ల నెమ్మదిని అప్పు తెచ్చుకోవాల్సిందే. మన దగ్గరే లేకపోతే వాళ్లకెక్కణ్నుంచి వస్తుంది?

ఇక మీ కిట్‌లో ఏది పనికొస్తుందో చూద్దాం. నన్నడిగితే అన్నిటికన్నా మంచిది మీ కిట్‌లో లేనే లేదు: సబ్బు బుడగలు. ట్యాంక్‌బండ్ మీద సాయంత్రాలు అమ్ముతారు, జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్‌కి, అదే నుమాయిష్‌కి వెళ్తే అక్కడా దొరుకుతాయి. దీని గొప్పతనం ఏమిటంటే, గట్టిగా ఊదితే బుడగ చిట్లిపోతుంది. మెల్లగా, పొడుగ్గా ఊదితేనే పెద్దదవుతుంది. ‘నెమ్మదిగా’ అని మీరు ఒక్కసారి కూడా చెప్పక్కర్లేదు, బుడగే చెప్తుంది. మీట నొక్కితే గుంపులు గుంపులుగా బుడగలు కక్కే తుపాకులు మాత్రం కొనకండి. ఊదే పని బ్యాటరీ చేసేస్తే ఇంక మనకేం మిగిలింది? టైల్స్ మీద ఊదితే కాళ్లు జారతాయి, కాబట్టి ఆరుబయటే. ఆ నీళ్లు తాగకుండా, కళ్లలో పడకుండా చూసుకోండి.

కాగితపు పంకాతో ఇబ్బంది దీనికి తిరగబడి ఉంటుంది. ఎంత గట్టిగా ఊదితే అంత జోరుగా తిరుగుతుంది, కాబట్టి పిల్లలు బుసబుసా ఊదేసి కళ్లు తిరుగుతున్నాయంటారు. ‘నిద్రపోతున్న పంకాని లేపకుండా తిప్పగలవా?’ అని అడిగితే ఆట మారుతుంది. మూడు నాలుగుసార్లు ఊదాక ఆపించండి. దూది ఉండని టేబుల్ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఊదుకుంటూ తీసుకెళ్లడం కూడా ఇలాంటిదే, పైసా ఖర్చు లేదు.

ఇంగ్లీషు పుస్తకాల నుంచి వచ్చిన ఆట ఒకటి ప్రతి స్కూల్లోనూ నేర్పుతున్నారు: పువ్వు వాసన చూడు, కొవ్వొత్తి ఊదెయ్. చాలాచోట్ల కొవ్వొత్తి బదులు దీపం అంటున్నారు. మీ అత్తమ్మగారి ముందు ‘దీపం ఊదెయ్’ అని మాత్రం అనకండి, ఆ రోజు ఇంట్లో పేచీ పెట్టేది బాబు ఒక్కడే కాదు. నిజంగానే దీపాన్ని ఊది ఆర్పడం మన ఇళ్లలో చెయ్యరు, పిల్లలకి రెండు రకాలుగా చెప్పి తికమక పెట్టడం దేనికి? ‘మల్లెపువ్వు వాసన చూడు, వేడి పాలు ఊదు’ అనండి. మల్లెలు లేని రోజుల్లో కొత్తిమీర కట్టైనా సరే. ఒక చేతిలో పువ్వు, ఇంకో చేయి గ్లాసులా ముడిచి పెట్టుకుంటే వ్యాన్‌లో కూడా ఆడుకోవచ్చు. అసలు వాసన చూడమంటేనే పిల్లలు నోరు మూసుకుని ముక్కుతో మెల్లగా పీలుస్తారు. ‘పీల్చు’ అని చెప్పకుండానే ఆ పనీ అయిపోతుంది.

మిక్సీకి చెవులు మూసుకుంటాడన్నారు కదా, చెవులు మూసుకుని తుమ్మెదలా మోగే భ్రామరి ప్రాణాయామం వాడికి సగం ఎవరూ నేర్పకుండానే వచ్చేసిందన్నమాట. చెవులు ఎలాగూ మూసుకున్నాడు, ‘తుమ్మెద ఏమంటుంది?’ అని అడగండి. నోరు మూసి ‘మ్...’ అని సాగదీస్తే ఆ మోత తలలో, ఛాతీలో గింగిరాలు తిరుగుతుంది, బయటి చప్పుడు వెనక్కిపోతుంది. అలా సాగదీసినంతసేపూ ఊపిరి బయటికే పోతుంటుంది. ప్రాణాయామం అన్న పేరు ఎత్తక్కర్లేదు, తుమ్మెద చాలు. దాంతో పాటు మిక్సీ వేసే ముందు ‘వేస్తున్నా’ అని చెప్పండి. మీరు పక్కనుండి స్విచ్ వాడితోనే నొక్కించండి. తను మొదలెట్టిన చప్పుడు ఎవరికీ అంత భయం వెయ్యదు.

మెరుపుల సీసా కళ్లకి బాగుంటుంది, ఊపిరితో దానికి పెద్ద సంబంధం లేదు. అది విసిరే చేతులకి అందకుండా ఉంచండి. బెలూన్లు తీసి దాచెయ్యండి. ఊదని బెలూను గానీ, పగిలిన ముక్క గానీ గొంతులోకి పోతే గాలి దారిని అతుక్కుని మూసేస్తుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లలకి వాటిని ఊదడానికి ఇవ్వొద్దని వాటి పాకెట్ల మీదే హెచ్చరిక ఉంటుంది. ‘బుగ్గ’ (బెలూను) ఊదాలని వాడు మారాం చేస్తే మీరు ఊది ఇవ్వండి, పగిలితే ముక్కలు అప్పుడే ఏరెయ్యండి. బరువు దుప్పటి కూడా థెరపిస్ట్ చూసి చెప్పేదాకా అలమరలోనే ఉండనివ్వండి. చిన్నపిల్లలు దాని కింద నుంచి బయటికి రాలేకపోవచ్చు.

అసలు పొరపాటు, పొరపాటు అనొచ్చో లేదో గానీ, వేళ దగ్గర జరిగింది. ఏడుపు నడుమ కొత్త వస్తువు ఇచ్చి కొత్త పని చెప్పారు. ఈత నేర్పాలంటే వరదలోకి దింపం కదా. వాడు నవ్వుతూ ఉన్నప్పుడు, కడుపు నిండినప్పుడు, రోజుకి రెండుసార్లు రెండేసి నిమిషాలు ఆడించండి. పడుకునే ముందు వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద వాడి బొమ్మ ఏనుగునో కారునో పెట్టి ‘ఏనుగుకి ఉయ్యాల ఊపు’ అనండి. ఒక పది రోజులు ఇలా ఆటగానే సాగనివ్వండి. కోపం, ఏడుపు అనే మాటలే రానివ్వకండి.

పేచీ వచ్చినప్పుడు ఏ బొమ్మా వద్దు. విసరడానికి వీలైనవి పక్కకి జరిపి, చెయ్యి చాపితే అందేంత దూరంలో నేల మీద కూర్చోండి. ‘కోపమొచ్చింది. నేనిక్కడే ఉన్నా.’ అంతే, ఉపన్యాసం వద్దు. మీ ఊపిరి మీరు వినబడేలా ఊదుకోండి. ఏడుపు ఎప్పుడో ఒకప్పుడు వెక్కిళ్లలోకి దిగుతుంది. దానికోసమే ఎదురుచూడాలి. అప్పుడు రెండు అరచేతులూ గ్లాసులా ముడిచి ‘పాలు కాలిపోతున్నాయి’ అని వాడి ముందు పెట్టండి. ఊదితే ఊదాడు, లేకపోతే మీరే ఊదండి. ఏడుపు ఆపితేనే బుడగలిస్తానని బేరం పెట్టకండి. ఏడవడం తప్పేమీ కాదు. ఏడుపులోంచి బయటికొచ్చే దారి వాడికి తెలిస్తే చాలు మనకి.

ఇంత రాశాక అసలు సంగతి. ఇవన్నీ లేకపోయినా మీ నాలుగు గంటల పేచీ సగం తగ్గించే పని ఒకటుంది. మీ ఇంటి సాయంత్రాన్ని వాడి వైపు నుంచి చూశాను. పొద్దున్నించి స్కూల్లో ‘ఫింగర్ ఆన్ లిప్స్’. తర్వాత నిజాంపేట రోడ్డు మీద వ్యాన్‌లో హారన్లు. తలుపు తియ్యగానే ‘ష్, నాన్న పడుకున్నారు’. ఆకలి, దాహం, బిగుతు బూట్లు. రోజంతా మంచిపిల్లాడిగా ఉండి ఉండి, మీ దగ్గరికి వచ్చాక వదిలేస్తున్నాడు. మీ దగ్గరే వదులుతున్నాడంటే మీ మీద నమ్మకం. అరటిపండు తొక్కది పాపం ఏ తప్పూ లేదు.

అందుకని వ్యాన్ దిగగానే పైకి తీసుకెళ్లకండి. ఒక డబ్బాలో అటుకులో మరమరాలో, ఒక నీళ్ల సీసా, సబ్బు బుడగలు పట్టుకుని మీరే కిందికి దిగండి. కరకరలాడేవి నమలడం, స్ట్రాతో మజ్జిగ లాగడం కూడా చాలామంది పిల్లల్ని నెమ్మదిపరుస్తాయని ఆక్యుపేషనల్ థెరపిస్టులు చెప్తారు. ఇరవై నిమిషాలు అరవనివ్వండి, పరిగెత్తనివ్వండి, గోడని రెండు చేతులతో తొయ్యమనండి ‘జరుగుతుందేమో చూద్దాం’ అని. వాచ్‌మన్ పిల్లలొస్తారు, రానివ్వండి, బుడగలు నలుగురితోనే బాగుంటాయి. లిఫ్ట్ బటన్ వాడే నొక్కాలి, ఇందులో మాత్రం నేను పూర్తిగా వాడి పక్షం. పైకొచ్చాక చపాతీ పిండి ముద్ద చేతికివ్వండి, పిసుకుతాడు.

అత్తమ్మగారితో ఫోన్ గురించి గొడవ పడకండి. ఫోన్ ఏడుపుని ఆపుతుంది, ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. ఆపడం నేర్పదు, అదే దానితో చిక్కు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కూర్చుని స్క్రీన్ చూసేది రోజుకి గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, ఆ గంటనీ పేచీకి మందుగా వాడకపోతే మేలు. ఆవిడకి వేరే పని అప్పగించండి, పాలు ఊదే ఆట నాయనమ్మదే అని చెప్పండి. దిష్టి తీస్తానంటే తియ్యనివ్వండి. నాయనమ్మలు మనవణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మాటా పలుకూ లేకుండా, గుప్పిట్లో ఉప్పుతో మూడుసార్లు నెమ్మదిగా చుట్టూ తిప్పడం చూశాను నేను. దిష్టి పోతుందో లేదో గానీ, పిల్లలు ఆ కాసేపూ కదలకుండా ఆ చెయ్యినే చూస్తారు.

డాక్టరుకి చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి. గుక్కపట్టి పెదాలు నీలంగా మారడం, కాసేపు సొమ్మసిల్లడం ఎప్పుడైనా జరిగిందా? మీరు రాయలేదు. ఆరు నెలల నుంచి ఆరేళ్లలోపు కొందరు పిల్లలకి అలా వస్తుంది, ఎక్కువమందికి పెరిగేకొద్దీ పోతుంది. కొందరిలో ఐరన్ లోపం కూడా తోడుంటుంది, కాబట్టి పిల్లల డాక్టరు రక్తపరీక్ష చేయిస్తారు. ఆ సమయంలో కుదపడం, నోట్లో చెంచా పెట్టడం చెయ్యకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నిమిషంలోపు తేరుకోకపోతే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తుంటే బుడగలు మందు కావు, డాక్టరు రాసిన ఇన్‌హేలర్ కావాలి.

మిక్సీ ఒక్కదానికే చెవులు మూసుకుంటే నేను పెద్దగా పట్టించుకోను. చొక్కా వెనక లేబుల్, గోళ్లు తియ్యడం, క్షవరం, అన్నంలో కొత్త కూర, అన్నీ యుద్ధాలే అయితే, పేరు పిలిస్తే తిరగకపోతే, మాటలు వెనకబడితే, పేచీలు రోజుకి చాలాసార్లు అరగంట దాటుతుంటే, తనని తాను కొట్టుకుంటుంటే ఒకసారి చూపించండి. నీలోఫర్ ఆసుపత్రిలో పిల్లల డాక్టర్లు ఉంటారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న ఎన్ఐఈపీఐడీలో, అంటే బుద్ధి ఎదుగుదలలో ఇబ్బందులున్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థలో, ఎదుగుదల పరీక్షలు చేస్తారు. మీ మనసే బాగా అలిసిపోయిన రోజున 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు.

ఇక 1,850 రూపాయలు. బంతిని వాడికివ్వకండి, అది మీకు. ఆ కిట్‌లో మీకోసం కొన్నది ఇదొక్కటే అనుకోండి. రోజూ కాసేపు మంచం అంచున కూర్చుని, అది విచ్చుకుంటుంటే పీలుస్తూ, ముడుచుకుంటుంటే అంతకన్నా నిదానంగా ఊదుతూ ఉండండి. వాడు చూస్తే చూస్తాడు, లేకపోతే లేదు. ఏదో ఒకరోజు వచ్చి ‘నాకివ్వు’ అని లాక్కుంటాడు. ఇచ్చెయ్యండి. టీవీకి ఎదురుగా మాత్రం కూర్చోకండి.